మెడ మీది నంబరు

పొట్టి బండి వయసు చెప్పాలంటే ముందుగా ఇంజను చూడకూడదు. మావారు తన నోటు పుస్తకంలో ఆఖరున రాసుకున్న పేజీకి అర్థం ఇదే. ఆ పేజీ పట్టుకుని నేను మొన్న డిసెంబరులో నాలుగు రోజులు తిరిగి వచ్చాను. స్టేషన్ ఘన్‌పూర్, నెక్కొండ, ఏటూరునాగారం, మళ్ళీ నెక్కొండ. ప్రతి రాత్రీ వరంగల్‌లో మా ఇంటికే చేరాను కాబట్టి మా చుట్టాలు దీన్ని ప్రయాణమని కూడా అనరు. ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో కూర్చుని ఇతరుల యాత్రలు చదివాను. నేను రాయవలసింది మాత్రం ఇదొక్కటే ఉంది.

నలభై, యాభై ఏళ్ళ కింద కొంతకాలం చిన్న మోటారు సైకిళ్ళు వచ్చాయి. చక్రాలు చిన్నవి, సీటు కిందికి ఉండేది, హ్యాండిలు పైకి. పొడుగు మనిషి ఎక్కితే మోకాళ్ళు మోచేతులకు తగిలేవి. కంపెనీలు ఏ పేర్లు పెట్టినా మా జిల్లాలో వాటిని పొట్టి బండి అనే అన్నారు. మావారు యాకూబ్ లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. పాత పొట్టి బండి ఎక్కడ ఉందని తెలిసినా వెళ్ళి చూసేవారు. స్పీడు మీటరు మైళ్ళలో ఉందా కిలోమీటర్లలో ఉందా, హెడ్‌లైటు గుండ్రమా పలకలా, పనిముట్ల డబ్బా మూత ఎటు తెరుచుకుంటుంది, బ్లేడుతో గీకితే పై రంగు కింద ఏ రంగు వస్తుంది, ఇవన్నీ చూసి ఏ ఏడాది బండో చెప్పేవారు. అన్నిటికంటే ముఖ్యం నంబరు. అందులో మొదటి అక్షరం తయారైన ఏడాదికి గుర్తు. ఎన్నో పాత ఆర్‌సీ పుస్తకాలు చూసి ఏ అక్షరానికి ఏ ఏడాదో ఆయన పట్టిక వేసుకున్నారు. డబ్బు తీసుకునేవారు కాదు. ఆయన చేతిరాత బాగుండదని నోటు పుస్తకం నేను రాసేదాన్ని. ప్రతి బండి కింద రెండు వరుసలు ఉండేవి. చూసింది: యాకూబ్. రాసింది: రజియా.

పోయిన రంజాన్‌లో నెక్కొండ దగ్గరి ఒక ఊళ్ళో యాకయ్య అనే రైతు పిలిస్తే ఇద్దరం వెళ్ళాం. ఆయనా అన్నారంలోని యాకూబ్ బాబా దర్గా మొక్కుకు పుట్టినవాడే, మావారిలాగే. మా దిక్కు ఆ పేరు హిందువుల్లోనూ ముస్లిముల్లోనూ ఇంటికొకరికి ఉంటుంది. యాకయ్య అడిగింది ఒక్కటే. ఆ బండి తనకు పంతొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ బాపు కొనిచ్చాడు. మరుసటి ఏడే బాపు పాము కరిచి పోయాడు. చిన్నాయన కొడుకు మల్లేశం మాత్రం అది అబద్ధమనీ, బాపు పోయాక యాకయ్యే ఎక్కడో పాతది కొనుక్కుని కథ చెబుతున్నాడనీ నలుగురిలో అంటాడు. మల్లేశం అప్పట్లో మేనమామల ఊళ్ళో పెరిగాడు. చూసిన పెద్దలు ఎవరూ మిగల్లేదు. కాగితాలు చెదలు తిన్నాయి. నంబరు ప్లేటు మీద రెండంకెలే కనబడుతున్నాయి. బాపు ఉన్నప్పటి బండా, పోయిన తర్వాతి బండా, అదొక్కటి తేల్చి చెప్పమన్నాడు.

మావారు ఇంజను కింద తుడిచి చదివారు. నంబరు స్పష్టంగా ఉంది. మొదటి అక్షరం ఎఫ్. పట్టిక ప్రకారం అది బాపు పోయిన రెండేళ్ళకు తయారైన ఇంజను. మావారు లేచి, హ్యాండిలు కింద చాసీ మెడ మీద కూడా ఒక నంబరుంటుంది, చూద్దాం అన్నారు. మెడ మీద రంగు పొరలు పొరలుగా ఉంది. అరగంట పని. ఇఫ్తార్‌కు గంట కూడా లేదు. రైలుకు ఇంకా తక్కువ ఉంది. ఆయనకు షుగరు, పైగా రోజా ఉపవాసం. యాకయ్య భార్య లచ్చమ్మ ఉండి పొమ్మంది. నేను మావారితో, "ఇంజను మీద ఇంత సాఫ్‌గ కనవడుతుంటే మెడ ఎందుకు?" అన్నాను. ఆయన ఆగిపోయారు. ఇంజను మీది ఏడాదే యాకయ్యతో చెప్పారు. మేం రైలు అందుకున్నాం.

వానలు మొదలైనాక ఒక పొద్దున ఆయనకు గుండె ఆగిపోయింది. భర్త పోతే పాటించే ఇద్దత్‌లో కూర్చున్నాను, నాలుగు నెలల పది రోజులు. రెండో వారమో మూడో వారమో నోటు పుస్తకం తీస్తే చివరి పేజీలో ఆయన సొంత రాత కనిపించింది. "నెక్కొండ యాకయ్య బండి. ఇంజను చూసి చెప్పిన. తప్పు. ఘన్‌పూర్ సత్తయ్య చెప్పిండు. మెడ చూడాలె. పోయి చెప్పాలె."

ఫోన్ చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఇద్దత్ గడప దాటవద్దంటుంది కానీ ఫోన్ వద్దనదు. యాకయ్య నంబరు ఆయన ఫోన్‌లో ఉంది. మెడ మీద ఏముందో తెలియకుండా ఏం చెప్పను అనుకున్నాను. ఆయన కూడా "పోయి చెప్పాలె" అనే రాశారు కదా అనుకున్నాను. ఆ కారణాలు అప్పుడు నాకు సరిపోయాయి.

స్టేషన్ ఘన్‌పూర్

మొదటి రోజు ఘన్‌పూర్ వెళ్ళాను. మెడ నంబరు ఎలా చూడాలో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆయన చదివితే రాశానే గానీ చేయి పెట్టలేదు. రైల్లో కాజీపేట దాటేదాకా నిలబడ్డాను. తర్వాత ఒక ముసలామె తన గంప కాళ్ళ మధ్యకు లాక్కుని చోటిచ్చింది. గంపలో పచ్చి చిక్కుడుకాయ. నేను నల్ల బురఖాలో ఒక్కదాన్నే ఉండటం చూసి, దవాఖానకా బిడ్డా అని అడిగింది. బండి రిపేరు నేర్చుకోవడానికి అని చెప్పాను. ఆమె గంపను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

సత్తయ్య మెకానిక్ షాపు రోడ్డు మీదే ఉంది. అరవై దాటిన మనిషి, పళ్ళ సందున బీడీ. మావారి సంగతి అతనికి తెలియదు. చెప్పగానే బీడీ పారేసి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా డబ్బా మీద కూర్చున్నాడు. టీ తెప్పించాడు. ఘన్‌పూర్‌లో టీ ఎనిమిది రూపాయలు. మా దగ్గర పన్నెండు, గ్లాసు ఇంకా చిన్నది.

తర్వాత విషయం చెప్పాడు. పత్తికి మందు కొట్టే రోజుల్లో రైతు బండిని పది రోజులు షాపులో వదలలేడు. మందు డబ్బాలు, కూలోళ్ళ సద్దులు అన్నీ దాని మీదే పోవాలి. అందుకని సత్తయ్యకు పని నేర్పిన ఉస్తాదు, బాగుచేసిన ఇంజన్లు రెండు మూడు ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకునేవాడు. పొద్దున బండి వస్తే చెడిపోయిన ఇంజను దించి సిద్ధంగా ఉన్నది ఎక్కించి సాయంత్రానికి ఇచ్చేవాడు. దించినది తీరికగా బాగుచేసి ఇంకొకరి బండికి ఎక్కించేవాడు. ఎవరి ఇంజను ఎవరి దగ్గర ఉందో ఎవరూ పట్టించుకోలేదు, బండి నడిస్తే చాలు. ఉస్తాదు షాపు అప్పుడు నెక్కొండలోనే ఉండేదట.

"ఇంజను అల్లుడసొంటిది మేడం. అస్తది, పోతది. చాసీ ఇంట్ల పుట్టింది. అల్లుని జూసి ఇంటి పేరు చెప్పుడేంది సార్, అన్న. మస్తు నవ్విండు."

"తర్వాత?"

"తర్వాత నవ్వలే. సగం చాయ్ ఇడిశిపెట్టి లేశిండు."

అది ఆయన పోవడానికి పన్నెండు రోజుల ముందు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నాతో ఏమీ అనలేదు. మెడ చూద్దామన్నది తాను, వద్దన్నది నేను. ఆ మాట నాకు గుర్తు చేయవలసి వస్తుందనే నా చేత రాయించకుండా తానే రాసుకున్నారని ఇప్పుడు అనుకుంటున్నాను.

సత్తయ్య షాపు వెనక తుప్పు పట్టిన ఒక పాత చాసీ మీద నాకు పని నేర్పాడు. రంగు మీద థిన్నర్ గుడ్డ పెట్టి కొద్దిసేపు ఉంచాలి. బ్లేడును పడుకోబెట్టి గీకాలి. తీగల బ్రష్షు పెట్టకూడదు, అక్షరం అరుగుతుంది. అక్షరాలు మెరవగానే పైన పల్చని కాగితం పరిచి పెన్సిలుతో అడ్డంగా రుద్దాలి. మూడుసార్లు చేయించాడు. మూడోసారి కాగితం మీద నంబరు పూర్తిగా వచ్చింది. "సార్ కన్న నీ చెయ్యి నిమ్మళంగున్నది" అన్నాడు. దగ్గు మందు సీసాలో థిన్నర్ పోసి, మూతకు దారం చుట్టి ఇచ్చాడు.

నెక్కొండ

రెండో రోజు నెక్కొండ స్టేషన్ బయట అంతా పత్తే. ట్రాక్టర్ల మీద, ఆటోల మీద, తార్పాలిన్ల కింద. రోడ్డు పక్క చెట్ల కొమ్మలకు కూడా పత్తి పట్టుకుని ఉంది. ఊరికి ఆటోలో ఇరవై రూపాయలు. నా పక్కన కూర్చున్న ఇద్దరు కూలీ స్త్రీలు కిలో ఏరితే ఎంత ఇస్తున్నారో దారి పొడుగునా వాదించుకున్నారు.

యాకయ్య ఇంట్లో రంజాన్‌లో బండి ఉన్న చోట ఇప్పుడు పత్తి సంచులు ఉన్నాయి. నేను ముందు చూసింది అదే. యాకయ్య వాకిట్లో తాడు పేనుతున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు. "సార్ రాలేదా చెల్లె?" అన్నాడు.

చెప్పాను. లచ్చమ్మ లోపలి నుంచి వచ్చి నా చేయి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. మా ఇళ్ళల్లో ఇలాంటప్పుడు మెల్లగా దువా చదువుతారు. వాళ్ళు పోయినవాడు ఏం తినేవాడో, ఎలా మాట్లాడేవాడో అడిగి చెప్పించుకుంటారు. పావుగంట నేను ఆయన గురించి మాట్లాడాను. నాలుగు నెలలుగా ఎవరూ అలా అడగలేదు.

అప్పుడు వచ్చిన పని చెప్పాను. రిపేరు షాపుల్లో ఇంజన్లు మార్చేవారట, అందుకే ఇంజను చూసి చెప్పింది తప్పు కావచ్చని, మెడ చూడాల్సి ఉండెనని చెప్పాను. ఆ రోజు మెడ చూడనీయనిది నేనేనని కూడా చెప్పాను. యాకయ్య తాడు పేనడం ఆపలేదు. బండి ఎప్పుడైనా రిపేరుకు ఇచ్చావా అన్నా అని అడిగాను.

"ఒకపాలి ఇచ్చిన. పత్తి కాలం. పొద్దుగాల ఇచ్చి పొద్దుమీకి తెచ్చుకున్న."

"ఒక్క రోజులనే అయిందా?"

"ఒక్క రోజే. మంచి మేస్త్రి అనుకున్న." తాడు కొస ముడి వేసి, "మార్శిండని ఎవలు చెప్పిన్రు నాకు?" అన్నాడు.

లచ్చమ్మ మిగతాది చెప్పింది. ప్రతి పెత్రమాసకు, అంటే పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు, యాకయ్య బండిని కడిగి, బొట్టు పెట్టి, బాపు ఫొటో పక్కన నిలబెట్టి, దాని ముందర కూడా ఒక విస్తరి వేసేవాడట. మావారు ఏడాది చెప్పి వెళ్ళిన మర్నాటి నుంచి మల్లేశం హోటల్ దగ్గర అదే మాట. పట్నం నుంచి సార్ వచ్చి తేల్చిండు, మా అన్న బాపు చచ్చి రెండేండ్లకు లేచొచ్చి బండి కొనిచ్చిండట, అని. యాకయ్య హోటల్‌కు పోవడం మానేశాడు. మావారి మాట మీద అతనికి అంత నమ్మకం. తన జ్ఞాపకం మీదే అనుమానం వచ్చిందట. బాపు వెనక కూర్చుని వరంగల్ నుంచి వచ్చింది నిజమేనా, ఎవరిదో బండి మీద వచ్చి అది మనదే అనుకున్నానా అని భార్యను అడిగేవాడట. అప్పటికి ఆమెకు పెళ్ళే కాలేదు, ఏం చెప్పగలదు? ఈ పెత్రమాసకు బండి బయటికి తీయలేదు. ఆ రోజు ఇంటికి వచ్చిన లచ్చమ్మ తమ్ముడు ఏటూరునాగారంలో వెల్డింగ్ పని చేస్తాడు. ఇనుము ఉత్తగనే పడి ఉన్నది కదా బావా అన్నాడు. తీసుకపో అన్నాడు యాకయ్య.

పెత్రమాస నాటికి ఆ పేజీ నా చేతికి వచ్చి నెల దాటింది.

"ఇగ ఏం జూస్తవ్ చెల్లె," అన్నాడు యాకయ్య. "కోసిన్రు దాన్ని."

మొత్తం కోయలేదని లచ్చమ్మ అంది. వెనక భాగం, ఇంజను పాత ఇనుముకు పోయాయి. ముందు చక్రం, మెడ ఉంచి దానికి పెట్టె కట్టి తోపుడు బండి చేశాడట. చేపలమ్మే ఒకామె తీసుకుందట. యాకయ్య ముఖం చూడకుండా తమ్ముడి ఫోన్ నంబరు చెప్పింది. నేను రాసుకుంటుంటే యాకయ్య లేచి పత్తి సంచులు సర్దడానికి వెళ్ళాడు.

ఏటూరునాగారం

మూడో రోజు హన్మకొండలో బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే సున్నా రూపాయల టికెట్ కొట్టి ఇస్తారు. నా కార్డు మీద భర్త పేరు దగ్గర ఆయన పేరే ఉంది. కండక్టర్ అమ్మాయి దాన్ని చూసి ఇచ్చేసింది. ములుగు దాటాక చలి పెరిగింది. పస్రా తర్వాత రోడ్డుకు రెండు వైపులా అడవి. టేకు చెట్లు ఎండి నిలబడ్డాయి. ఒకచోట బస్సు ఆగితే కోతి లోపలికి చేయి పెట్టి ఎవరిదో అరటిపండ్ల కవరు లాక్కుపోయింది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నాకు జరిగిన నష్టం వేరే. దారిలో కుదుపులకు థిన్నర్ సీసా మూత వదులై సగం సంచిలో కారింది. శాలువా పాడైంది. నోటు పుస్తకం ఒడిలో పెట్టుకున్నాను కాబట్టి మిగిలింది. పక్కన కూర్చున్నామె వాసన భరించలేక వేరే సీటుకు పోయింది.

చేపలామె పేరు నర్సక్క. ఆమె బస్టాండు ముందర ఉంటుందని లచ్చమ్మ తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. దూరం నుంచే గుర్తుపట్టాను. నీలం రంగు రేకు పెట్టె, దాని ముందు ఆ చిన్న చక్రం, పొట్టి బండి హ్యాండిలు. పాత బండిలో అవి తప్ప మరేమీ మిగల్లేదు. పెట్టెలో ఐసు మీద గోదావరి చేపలు.

సంగతంతా చెబితే నర్సక్క చేప తోమడం ఆపి నన్ను కింది నుంచి పైకి చూసింది.

"నా బండి మెడ గీకుతవా? దసరకు రంగేయించిన."

"అగ్గిపెట్టంత గీకుత అక్కా. మల్ల రంగేయిస్త."

"ఎవరో సచ్చిపోయినాయన బండని, ఎవరో సచ్చిపోయినాయన చెప్తె, నువ్వు చూడ అచ్చినవా?" అంది. వెక్కిరింత కాదు, లెక్క సరిచూసుకుంటోంది. అవునన్నాను. "ముందుగాల బేరం గానియ్యి," అంది.

కిలో రెండు వందలు చెప్పింది. మా దగ్గర రెండు వందల అరవై ఉంటుంది. తీసుకున్నాను. మా వరంగల్ మండిబజార్‌లో నల్ల కవరులో వేసి ఇస్తారు. ఆమె వెడల్పాటి టేకు ఆకులో చుట్టి నారతో కట్టింది. తర్వాత బండి కదలకుండా చక్రం కింద రాయి పెట్టి, "ఇగ గీకు," అని తానే నా మీదికి ఎండ పడకుండా గొడుగు జరిపింది.

మిగిలిన థిన్నర్‌తో గుడ్డ తడిపాను. ముందు నీలం పోయింది. దాని కింద ఎరుపు. దాని కింద వెడల్పాటి బ్రష్షుతో పూసిన నలుపు. అన్నిటికన్నా అడుగున సన్నగా, సమంగా, కంపెనీ వేసిన పసుపు. బ్లేడు పడుకోబెట్టి గీకాను. కొనుక్కునే వాళ్ళు వస్తూ పోతూ ఏమిటని అడిగారు. నర్సక్క ప్రతివారికీ కొత్తగా చెప్పింది. మూడోసారి చెప్పేటప్పటికి యాకయ్య బాపు ఆమెకు తెలిసిన మనిషైపోయాడు.

ముందు అంకెలు వచ్చాయి. తర్వాత అక్షరం. కాగితం పరిచి రుద్దాను. బి. అనుమానం వచ్చి మళ్ళీ తుడిచి ఇంకో కాగితం మీద రుద్దాను. బి. పట్టిక తీసి చూశాను. బాపు పోయిన ఏడు డి. దానికి రెండేళ్ళ ముందటిది బి.

ఈ నంబరు బాపే కొన్నాడని చెప్పదు. బాపు బతికి ఉన్నప్పటికే ఆ బండి ఉందని మాత్రం చెబుతుంది. మావారి మాట యాకయ్య దగ్గరి నుంచి ఎంత తీసేసిందో, అంతే తిరిగి వచ్చింది. కానీ అది తిరిగి వచ్చేసరికి బండి చేప పెట్టెకు ముందు చక్రంగా మిగిలింది.

నర్సక్క అడిగింది, "మంచిదేనా?"

"మంచిదే."

"మరి ఏడుస్తవేంది?" అని నీళ్ళ బాటిల్ ఇచ్చింది. బండి తిరిగి అడుగుతానేమోనని భయపడినట్టుంది. చక్రం మీద చెయ్యి వేసే ఉంచింది. అడగలేదు. అడిగి ఏం చేయాలి? గీకిన చోట రంగు వేయించుకోమని డబ్బిస్తే తీసుకోలేదు. అది అట్లనే ఉండనీ, ఎవరన్న అడిగితె చెప్త అంది.

బస్టాండులో ఇప్పపువ్వు లడ్డూలు అమ్ముతున్నారు. లచ్చమ్మ కోసం కొన్నాను. ఇంటికొచ్చి ఒకటి తిన్నాను. బెల్లం తక్కువ, కొద్దిగా చేదు. బాగున్నాయి.

మళ్ళీ నెక్కొండ

నాలుగో రోజు నేను వెళ్ళేటప్పటికి యాకయ్య ఇంట్లో మల్లేశం కూడా ఉన్నాడు. పత్తి తూకం కోసం వచ్చాడట. అన్నదమ్ముల మధ్య మాటలు లేవని అనుకున్నాను. పని మాటలు ఎప్పుడూ ఉంటాయని లచ్చమ్మ తర్వాత చెప్పింది.

పెన్సిలుతో రుద్దిన కాగితం యాకయ్య చేతికి ఇచ్చాను. అతను చదువుకున్నవాడే. ఐనా నన్ను చదవమన్నాడు. అక్షరం, తర్వాత ఒక్కో అంకె చదివాను. ఆ అక్షరం ఏ ఏడో చెప్పాను. అడుగున ఏ రంగు ఉందో చెప్పబోతుంటే ఆపాడు.

"పసుపు," అన్నాడు. "బాపు ఎర్రది అడిగిండు. లేదన్నరు."

ఆ తర్వాతి ఎరుపు ఎవరు, ఎందుకు వేయించారో నేను అడగనవసరం లేకపోయింది. మల్లేశం కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంజను ఒకటి చెప్తె మెడ ఒకటి చెప్తదా అని అంటాడనుకున్నాను. అనలేదు. కాగితం అన్న చేతిలో పెట్టి నా వైపు తిరిగాడు.

"గీ ముచ్చట గప్పుడే చెప్తే బండన్న మిగులుండె గదమ్మా," అన్నాడు.

నన్ను ఎవరైనా అడగవలసిన మాట అదే. దాన్ని అతనే అడుగుతాడని అనుకోలేదు. నేను తల ఊపాను. యాకయ్య కోపంగా అతన్ని చూశాడు. "నువ్వు హోటల్ కాడ మొత్తుకోకుంటె కూడ మిగులుండె," అన్నాడు. మల్లేశం చెప్పులు వేసుకుని, తూకానికి పొద్దుపోతాంది, రా అని బయటికి నడిచాడు. యాకయ్య వెళ్ళలేదు.

నోటు పుస్తకం తీశాను. ఆయన రాసిన ఆఖరి పేజీ అలాగే ఉంచి, రంజాన్‌లో నేను రాసిన పేజీ తెరిచి ఏడాది మీద ఒక గీత కొట్టాను. పక్కన మెడ నంబరు, సరైన ఏడాది వేశాను. బండి ఇప్పుడు ఎలా ఉందో రాశాను. ముందు చక్రం, మెడ, హ్యాండిలు మాత్రమే. కింద, చూసింది: రజియా. రాసింది: రజియా.

యాకయ్య వంగి చూశాడు. "సార్ పేరేది?"

"ఆయన చూడలే కదన్నా."

"ఆయన రాసుకున్నందుకె గద నువ్వు పోయినవ్. రాయి."

చూడనివాళ్ళ పేరు ఆయన ఎప్పుడూ రాయించలేదు. కొద్దిసేపు ఆలోచించి, ఇంతకు ముందు ఏ పేజీలోనూ లేని మూడో వరుస వేశాను. చూడాలె అన్నది: యాకూబ్. యాకయ్య అది చదివి, సరే అన్నాడు. కాగితం తీసుకుని లోపలికి పోయి బాపు ఫొటో చట్రం వెనక దోపాడు.

లచ్చమ్మ ఇప్పపువ్వు లడ్డూ తుంచి నోట్లో వేసుకుంటూ ఒక సంగతి చెప్పింది. రంజాన్‌లో ఆ రోజు మేం వస్తున్నామని తెలిసి యాకయ్య నెక్కొండ పోయి ఖర్జూరాలు, అరటిపండ్లు తెచ్చాడట. మేం ఏం తింటామో ఎలా తింటామో తెలియక దర్గా దగ్గరి వాళ్ళను అడిగి, కొత్త కుండలో నీళ్ళు పోసి పెట్టిందట. ఉండి పొమ్మని తాను అన్నది అందుకేనట. మేం వెళ్ళిపోయాక ఆ ఖర్జూరాలు ఏం చేయాలో తెలియక రెండు రోజులు అలాగే ఉంచారట.

"చెప్పుంటె ఉంటుంటిమి వదినా," అన్నాను.

"నీకు రైలు తొందర," అంది. తప్పు పట్టినట్టు అనలేదు. "అన్నం అయింది. తిందువు రా."

పప్పు, గోంగూర తొక్కు, మజ్జిగ. నాకోసం విడిగా కొత్త కంచం కడిగి పెట్టింది. యాకయ్య నా ఎదురుగా కూర్చున్నాడు. లచ్చమ్మ వడ్డిస్తుంటే దూరంగా రైలు కూత వినబడింది. వరంగల్ వెళ్ళేదే. లచ్చమ్మ గరిటె ఆపి నా ముఖం చూసింది.

నేను వడ్డించమని కంచం ఆమె వైపు జరిపాను.